హైదరాబాదు ఇళ్ల మార్కెట్: నెలనెలా వచ్చే లెక్కలు, లెక్కకెక్కని నిరాకరణలు

ప్రతినెలా పత్రికల వాణిజ్య పేజీల్లో ఒక వార్త వస్తుంది. గడిచిన నెలలో హైదరాబాదులో ఇన్ని వేల ఇళ్లు రిజిస్టరయ్యాయి, వాటి మొత్తం విలువ ఇన్ని వేల కోట్లు, నిరుడు ఇదే నెలతో పోలిస్తే ఇంత శాతం పెరిగింది లేదా తగ్గింది అని. పెరిగితే 'జోరు' అంటారు, తగ్గితే 'మందగమనం' అంటారు. ఈ అంకె చూసి బిల్డరు రేటు పెంచుతాడు, బ్యాంకు అప్పు సంగతి ఆలోచిస్తుంది, ఇంటి ఓనరు వచ్చే నెల అద్దె ఎంత చెప్పాలో నిర్ణయించుకుంటాడు. అంటే అది ఉత్త అంకె కాదు. దానికి బలం వుంది.

అయితే ఆ అంకెలో మనం వున్నామా? వుంటే ఏ రూపంలో వున్నాం? దళితుల ఇళ్ల సమస్య గురించి రాసినప్పుడల్లా వెలివాడల గురించి, ఇళ్ల స్థలాల పట్టాల గురించి, మురికివాడల గురించి రాశాం. అవి రాయాల్సినవే. కానీ పట్నంలో నెల జీతం తెచ్చుకుంటూ, అద్దె కట్టగలిగే స్తోమత వుండి కూడా ఇల్లు దొరకని దళితుడి గురించి రాసింది తక్కువ. మార్కెట్ లెక్కలను ఎట్లా చదవాలో మనవాళ్లకు విడమరిచి చెప్పింది ఇంకా తక్కువ. ఈ వ్యాసంలో రెండు పనులు చెయ్యదలుచుకున్నాం. నెలవారీ లెక్క ఎట్లా తయారవుతుందో చెప్పడం ఒకటి. అందులోకి కులం ఎట్లా ప్రవేశిస్తుందో, ప్రవేశించి కూడా ఎట్లా మాయమవుతుందో చూపించడం రెండోది.

లెక్క ఎక్కడినుంచి వస్తుంది?

నైట్ ఫ్రాంక్ లాంటి స్థిరాస్తి సలహా సంస్థలు నెలనెలా ఇచ్చే హైదరాబాదు నివేదికలకు ఆధారం తెలంగాణ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ లెక్కలే. ఇక్కడ హైదరాబాదు మార్కెట్ అంటే హైదరాబాదు జిల్లా ఒక్కటే కాదు. మేడ్చల్-మల్కాజిగిరి, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాలు కూడా కలుస్తాయి. ఇళ్లను యాభై లక్షల లోపు, యాభై లక్షల నుంచి కోటి, కోటి పైన అని ధరను బట్టి విడదీస్తారు. చదరపు అడుగులను బట్టి ఇంకోరకంగా విడదీస్తారు. జిల్లాలవారీగా మరోరకంగా.

ప్రభుత్వపరమైన సూచీలు వేరే వున్నాయి గానీ అవి నెలవారీవి కావు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2007లో మొదలుపెట్టిన రెసిడెక్స్ మూడు నెలలకోసారి వస్తుంది. రిజర్వు బ్యాంకు ఇళ్ల ధరల సూచీ కూడా అంతే. అందులో చాలాకాలం పది నగరాలే వుండేవి, హైదరాబాదు లేదు. 2025లో దాన్ని 18 నగరాలకు పెంచినప్పుడు హైదరాబాదు చేరింది. కాబట్టి నెలనెలా మనకు కనపడేది ప్రధానంగా రిజిస్ట్రేషన్ల లెక్కే.

ఈ లెక్క చదివేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, రిజిస్ట్రేషన్ అంటే బేరం ముగిసిన రోజు. బేరం మొదలైన రోజు కాదు. అపార్టుమెంటులో ఫ్లాటు బుక్ చేసుకున్న మనిషి నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, రిజిస్ట్రేషను చేయించుకుంటాడు. ఈ నెల అంకె చాలావరకు ఎప్పుడో తీసుకున్న నిర్ణయాల అంకె.

రెండోది, ఆఫీసు తలుపులు మూస్తే మార్కెట్ పడిపోయినట్టే కనపడుతుంది. ధరణి కోసమని 2020 సెప్టెంబరులో రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఇళ్లు, ప్లాట్ల వంటి వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషన్లు మళ్లీ డిసెంబరులో గానీ మొదలు కాలేదు. ఆ నడిమి నెలల అంకె చూసి జనం ఇళ్లు కొనడం మానేశారంటే తప్పు. అట్లాగే 2021 జులై 22 నుంచి, మళ్లీ 2022 ఫిబ్రవరి 1 నుంచి ప్రభుత్వం భూముల మార్కెట్ విలువలు పెంచింది. పెంచుతారని తెలిస్తే ముందు నెలలోనే పని కానిచ్చేసుకుందామని జనం ఎగబడతారు. ఆ నెల అంకె లేస్తుంది, తర్వాతి నెల పడుతుంది. అది మార్కెట్ సత్తువా కాదు, నీరసమూ కాదు.

మూడోది, సగటు ధర మోసం చేస్తుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. పోయిన నెల పది ఇళ్లు అమ్ముడుపోయాయనుకోండి. ఎనిమిది ఒక్కోటి 40 లక్షలవి, రెండు కోటి రూపాయలవి. సగటు 52 లక్షలు. ఈ నెల కూడా పదే ఇళ్లు. కానీ ఆరు 40 లక్షలవి, నాలుగు కోటివి. సగటు 64 లక్షలు. ధర 23 శాతం పెరిగిందని వార్త వేయొచ్చు. నిజానికి ఏ ఇంటి ధరా పైసా పెరగలేదు. కొనేవాళ్లు మారారు, అంతే. కాబట్టి సగటు పెరిగిందన్నప్పుడు, ధర పెరిగిందా లేక పేదవాడు మార్కెట్ నుంచి తప్పుకున్నాడా అని అడగాలి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటినప్పుడు నగరమంతా ధరలు పెరిగాయని గొప్పగా చెప్పుకున్నారు. ఆ సంబరంలో ఎవరు లోపలున్నారు, ఎవరు బయటున్నారు అని అడిగినవాళ్లు తక్కువ.

నాలుగోది, రిజిస్టరు కాని ఇల్లు ఈ లెక్కలో లేదు. నోటరీ కాగితం మీద చేతులు మారిన బస్తీ ఇల్లు ఇందులో లేదు. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. నిషేధిత జాబితాలోకి ఎక్కిన భూమిని రిజిస్ట్రారు ముట్టుకోడు. మనవాళ్లలో ఎంతోమందికి వున్న ఆస్తి ఆ రకం ఆస్తే. అది మార్కెట్ లెక్కకు కనపడదు, బ్యాంకు అప్పుకూ కనపడదు.

పంచాంగం లెక్కకెక్కింది, కులం ఎక్కలేదు

మన దగ్గర ఇళ్ల వ్యాపారానికి కాలాలున్నాయి. ఆషాఢంలో గృహప్రవేశాలు చెయ్యరు, ఇల్లు మారరు. మూఢం వస్తే కొనుగోళ్లు వాయిదా వేస్తారు. శ్రావణం వచ్చేసరికి మళ్లీ కదులుతారు. దసరాకు, అక్షయ తృతీయకు బిల్డర్లు ప్రత్యేక రేట్లు ప్రకటిస్తారు. బడులు తెరిచే జూన్‌కు ముందు అద్దె ఇళ్లకు గిరాకీ పెరుగుతుంది. మార్కెట్ పండితులు ఇవన్నీ ఒప్పుకుంటారు. ఈ నెల తగ్గుదలకు ఆషాఢమే కారణమని నిస్సంకోచంగా రాస్తారు. అందుకే ఏ నెలనైనా దాని ముందు నెలతో కాక నిరుడు అదే నెలతో పోల్చాలంటారు. అది సరైన పద్ధతే. అధిక మాసం వచ్చిన ఏడు ఆ పోలిక కూడా కొంత తప్పుతుంది.

ఇక్కడే మాకు ఆశ్చర్యం. బ్రాహ్మణుడు గణించే పంచాంగం ఇళ్ల మార్కెట్టును నడిపిస్తుందని ఒప్పుకునే ఆర్థిక శాస్త్రం, అదే బ్రాహ్మణీయ వ్యవస్థలో పుట్టిన కులం దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపదు. ముహూర్తం మార్కెట్ అంశమైతే మైల ఎందుకు కాదు?

అద్దె ఇళ్ల చీకటి

అమ్మకాల సంగతి ఇట్లా వుంటే అద్దెల సంగతి ఇంకా అన్యాయం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజులను తప్పనిసరిగా రిజిస్టరు చెయ్యాలి. అందుకే మన ఓనర్లు పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకుంటారు. చాలామంది అదీ రాయరు. నోటిమాటే. కాబట్టి నగరంలో లక్షల మంది ఎంత అద్దె కడుతున్నారో నెలనెలా చెప్పే రికార్డు ఏ ఆఫీసులోనూ తయారు కాదు. వ్యాపార సంస్థలు ఇచ్చే అద్దె లెక్కలు ఎక్కువగా ప్రకటనల్లో ఓనరు అడిగిన అద్దెను బట్టి వేసినవి. అడిగింది వేరు, కట్టింది వేరు. ఎవరిని ఎంత అడిగారన్నది మరీ వేరు. వినియోగదారుల ధరల సూచీలో ఇంటి అద్దె వుంటుంది. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన శ్రేణిలో ఒక్కో ఇంటి అద్దెను ఆరు నెలలకోసారి అడిగేవారు. కానీ అడిగేది ఇల్లు దొరికినవాణ్ని. దొరకనివాణ్ని అడిగే సూచీ ఏదీ లేదు.

ఈ దొరకనితనం ఎట్లా వుంటుందో ఈ పత్రిక చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. టు-లెట్ బోర్డు చూసి గేటు తడతాం. ఇల్లు చూపిస్తారు, నీళ్లు ఎప్పుడొస్తాయో చెబుతారు. తర్వాత మొదలవుతుంది. "సొంతూరు ఏదండీ?" "ఊళ్లో ఎక్కడ?" "ఇంటిపేరు?" "మీరేవుట్లు?" కొంచెం చదువుకున్న ఓనరైతే నేరుగా అడగడు. "నాన్‌వెజ్ తింటారా? ఏం నాన్‌వెజ్?" అంటాడు. "ఆదివారం చర్చికి వెళ్తారా?" అంటాడు. సంగతి తెలిసిపోయాక మాట మారుతుంది. "మా అబ్బాయిని అడిగి చెబుతాం." "ఇందాకే వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండీ." వారం తర్వాత అటు పోతే బోర్డు అక్కడే వేలాడుతుంటుంది.

'ఇది కులం కాదు, తిండి అలవాటు' అనే వాదన ఒకటుంది. 2014 నాటి ఎస్ఆర్ఎస్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు నిండినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. అంటే 'శాకాహారులకు మాత్రమే' అనే బోర్డు అక్షరాలా అమలైతే రాష్ట్రంలో దాదాపు అందరికీ తలుపు మూసుకుపోవాలి. అట్లా జరగడంలేదు. కొందరి కోడికూర వాసన ఓనరు ముక్కుకు తగలదు, కొందరిది మాత్రం మెట్లమీదనుంచే తగులుతుంది. తిండి ఇక్కడ జల్లెడ మాత్రమే. ఏరేది కులాన్నే.

కొలిస్తే ఏం తేలింది?

దీన్ని కొలవొచ్చు, కొలిచారు కూడా. సుఖదేవ్ థోరాట్, మరికొందరు పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల అద్దె ఇళ్ల మార్కెట్ మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయింది. పద్ధతి సులువైనది. ఒకే రకం చదువు, ఉద్యోగం, స్తోమత వున్న అగ్రకుల, దళిత, ముస్లిం పేర్లతో ఒకే ఇంటికోసం అడగడం, వచ్చిన జవాబు రాసుకోవడం. ఒక్కో వర్గం తరఫున 493 సార్లు అడిగారు. అగ్రకులస్తులకు దాదాపు అందరికీ సరేనన్నారు. దళితుల్లో 18 శాతానికి మొహం మీదే లేదన్నారు. మరో 23 శాతానికి ఎక్కువ అద్దెలాంటి అదనపు షరతులు పెట్టారు. ముస్లింలకు నిరాకరణ ఇంకా ఎక్కువ, 31 శాతం. షరతులు 35 శాతం.

అంతకుముందు 2012లో అదే వారపత్రికలో త్రినా వితయతిల్, గాయత్రీ సింగ్ 2001 జనగణన ఆధారంగా హైదరాబాదుతో సహా ఏడు మహానగరాలను పరిశీలించారు. ఎవరు ఏ వార్డులో బతుకుతున్నారన్నదాన్ని ఆర్థిక స్థితికన్నా కులమే ఎక్కువగా విడదీస్తోందని తేల్చారు. పట్నానికి పోతే కులం పోతుందన్న మాటకు ఇది జవాబు. పట్నంలో కులం వార్డు నంబరయింది.

వివక్ష ధరగా ఎట్లా మారుతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇద్దరు గుమస్తాలు ఒకే ఆఫీసులో, ఒకే జీతానికి పనిచేస్తున్నారనుకుందాం. ఇద్దరికీ పదివేల అద్దెలో రెండు గదుల ఇల్లు కావాలి. మొదటివాడికి ఒక ఆదివారం తిరిగితే మూడో ఇంట్లో దొరికింది. అద్దె పదివేలు, అడ్వాన్సు రెండు నెలలు. రెండోవాడు దళితుడు. నాలుగు ఆదివారాలు తిరిగాడు. తొమ్మిదో ఇంట్లో, ఆఫీసుకు దూరంగా, పదకొండు వేలకు దొరికింది. అడ్వాన్సు మూడు నెలలు. పదకొండు నెలల్లో అద్దె కింద పదకొండు వేలు ఎక్కువ కట్టాడు. అడ్వాన్సు కింద ఇంకో పదమూడు వేలు ఎక్కువ ఇరుక్కుపోయాయి. బస్సు ఖర్చు, పోయిన నాలుగు ఆదివారాలు, ఆ నెలంతా చుట్టాలింట్లో సర్దుకున్న పెళ్లాం పిల్లలు వేరే.

ఈ ఇద్దరూ మార్కెట్ లెక్కలోకి ఎట్లా వస్తారు? ఇద్దరి సగటు అద్దె పదివేల అయిదొందలు. పదివేల ఇంటికి గిరాకీ బాగుంది, అద్దెలు అయిదు శాతం పెరిగాయి అని లెక్క చెబుతుంది. గమనించండి, ఆ అయిదు శాతం గిరాకీ కాదు. అది అంటరానితనం మీద వసూలైన పన్ను. లెక్కల పుస్తకంలోకి ఎక్కేసరికి అది 'మార్కెట్ ధోరణి' అయింది. మేము చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే. నిరాకరణ లెక్కకు అందదు, నిరాకరణ వల్ల మనం కట్టిన ఎక్కువ అద్దె మాత్రం పెరుగుదలగా అందుతుంది. మన నష్టం వాళ్ల సూచీలో లాభంగా నమోదవుతుంది.

ఇంకో అంచె కూడా వుంది. పది వాడల్లో ఎనిమిది వాడలు మూసేస్తే ఆ జనమంతా మిగిలిన రెండు వాడల్లోనే వెతుక్కోవాలి. అక్కడ గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. వసతి లేకపోయినా అద్దె లేస్తుంది. అట్లా అద్దె లేచిన వాడలో ఓనరు మనవాడే అయినా ధర మనం పెట్టింది కాదు. మూసుకున్న ఎనిమిది వాడలు పెట్టింది.

రిజిస్టరులో మారుపేరు

1917లో న్యూయార్కు, లండన్‌లలో చదివి వచ్చిన అంబేడ్కర్, స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో పనిచెయ్యడానికి వెళ్లారు. వుండటానికి చోటు లేదు. పార్శీల సత్రానికి వెళ్తే, పార్శీ కానివాళ్లకు ఇవ్వమన్నారు. చివరికి అక్కడి మనిషి ఒప్పుకున్నాడు, రిజిస్టరులో పార్శీ పేరు రాయాలన్న షరతు మీద. అద్దె రోజుకు రూపాయిన్నర. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చిన పార్శీలు ఆయన్ని వెళ్లగొట్టారు. ఒక హిందూ మిత్రుణ్ని, ఒక క్రైస్తవ మిత్రుణ్ని అడిగారు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. ఆయన బొంబాయి తిరిగి వెళ్లిపోయారు.

ఈ సంఘటన అందరికీ తెలిసిందే. మేము ఎత్తిచూపేది ఆ రిజిస్టరును. ఆ నెల సత్రం లెక్క తీస్తే ఏం కనపడుతుంది? ఒక పార్శీ దిగాడు, పదిరోజులు డబ్బు కట్టాడు, వెళ్లిపోయాడు. అంటరానివాడు వచ్చినట్టూ లేదు, గెంటేసినట్టూ లేదు. ఈనాటికీ ఇంటిపేరు మింగేసి, ఊరు మార్చి చెప్పి, దేవుడి పటం గోడకు తగిలించి ఇల్లు సంపాదించుకునే మనవాళ్లు హైదరాబాదులో వున్నారు. వాళ్ల అగ్రిమెంటు కాగితం కూడా అట్లాంటి రిజిస్టరే. దొరికిన ఇళ్ల లెక్కలో కూడా మనం మనంగా లేం.

చట్టం ఏమంటుంది?

'నా ఇల్లు నా ఇష్టం' అని ఓనరు అంటాడు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలో పాటించినా నేరమే అంటుంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షను, ఏ ప్రాంతంలోనైనా నివాసం కట్టుకోవడం, సంపాదించుకోవడం, అందులో వుండటం విషయంలో అంటరానితనం పేరిట అడ్డుపడటాన్ని శిక్షార్హం చేసింది. అంటే చట్టం లేక కాదు. రుజువు లేక. "వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చారు" అన్న మాటను కోర్టులో ఎట్లా రుజువు చేస్తాం?

కొత్త చట్టాలు ఈ కష్టాన్ని తీర్చలేదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంది. బాగానే వుంది. కులాన్ని బట్టి ఇల్లు నిరాకరించకూడదన్న ముక్క మాత్రం అందులో లేదు. 2005లో సుప్రీంకోర్టు జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో, సభ్యత్వం పార్శీలకే అన్న సంఘ నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఒక చిన్న సమాజం తన వునికి కాపాడుకోవడం వేరు, పెద్ద కులాలు కాలనీలు కట్టుకుని గేటు వేసుకోవడం వేరు. కానీ ఆ తీర్పు నీడ రెండోవాళ్లకూ పనికొస్తుంది. అమెరికాలో 1968 నుంచీ ఇళ్ల వివక్షను నిషేధించే చట్టం వుంది. అక్కడ జంటగా మనుషుల్ని పంపి పరీక్షించే పద్ధతి కోర్టుల్లో రుజువుగా నిలబడింది. తెలుగువాళ్లు బాగా స్థిరపడిన సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించినప్పుడు ఇళ్లను కూడా అందులో చేర్చింది. కులాన్ని విమానమెక్కించి తీసుకుపోయినవాళ్ల పుణ్యం అది.

మనం ఏం చెయ్యొచ్చు?

ప్రభుత్వం దగ్గర సమాచారం లేదనడం కుదరదు. 2011 జనగణనలో ఇళ్ల లెక్క తీసినప్పుడు కుటుంబ పెద్ద ఎస్సీనా, ఎస్టీనా అని అడిగారు, ఇల్లు సొంతమా, అద్దెదా అనీ అడిగారు. 2024లో తెలంగాణ చేసిన కులసర్వే రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం అని తేల్చింది. ఈ లెక్కల్ని వార్డుల వారీగా, అద్దె ఇళ్లతో జోడించి ప్రకటించాలి. ఇది మొదటి డిమాండు. అద్దె చట్టంలో కుల, మత వివక్షను పేరుపెట్టి నిషేధించాలి, జంట పరీక్షను రుజువుగా ఒప్పుకోవాలి. ఇది రెండోది.

మూడోది మన చేతుల్లో వుంది. పదేళ్లకోసారి వచ్చే జనగణన కోసం చూడకుండా నెలనెలా మన లెక్క మనం రాసుకోవచ్చు. ఇల్లు వెతికేవాళ్లు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, పేట, చెప్పిన అద్దె, అడ్వాన్సు, అడిగిన ప్రశ్నలు అన్నమాట అన్నట్టుగా, వచ్చిన జవాబు, దొరికేదాకా పట్టిన రోజులు. వీలైతే అగ్రకుల మిత్రుణ్ని అదేరోజు అదే ఇంటికి అడగమనండి, అతనికి చెప్పింది పక్కన రాయండి. ఓనర్ల పేర్లు ప్రచురించడం మా వుద్దేశం కాదు. పది తలుపులు తడితే ఎన్ని తెరుచుకున్నాయి, తెరుచుకున్నవాటికి ఎంత ఎక్కువ కట్టాం, ఈ రెండు అంకెలే కావాలి. ఒక్కడి అనుభవాన్ని ఓనర్లు 'అపార్థం' అని కొట్టేస్తారు. ఏ పేటలో ఎన్ని, ఏ నెలలో ఎన్ని అని వరసగా రాసిన లెక్కను కొట్టెయ్యడం కష్టం.

వచ్చే నెల కూడా వాణిజ్య పేజీలో అంకె వస్తుంది. దాన్ని చదవండి. చదివి, ఏ నెలతో పోల్చారు, ఏ జిల్లాలు కలిపారు, ఏ ఇళ్లు వదిలేశారు అని అడగండి. ఆ తర్వాత మీ నోటుపుస్తకం తీసి పక్కన పెట్టుకోండి. రెండూ కలిస్తేనే ఈ నగరపు ఇళ్ల మార్కెట్ నిజంగా ఎట్లా వుందో తెలుస్తుంది.